అడవికి కాషాయం చుడితే గొడ్డలి ఆగుతుందా? పర్యావరణ సమస్యలకు బౌద్ధం చూపిన దారులు

సంక్షిప్తంగా: బౌద్ధ గ్రంథాలు ప్రకృతి గురించి చెప్పినదానికంటే మనిషి వాడకానికి పెట్టిన హద్దుల గురించే ఎక్కువ చెప్పాయి. ఆ హద్దులను నిలబెట్టే సమాజం ఉన్నచోట ఫలితం కనిపించింది. 2006లో అమరావతిలో దలైలామా చెప్పిన మాటకు టిబెట్‌లో పులితోళ్లు తగలబడ్డాయి. థాయ్‌లాండ్‌లో చీవరం (భిక్షువుల కాషాయ వస్త్రం) చుట్టిన చెట్ల మీద గొడ్డలి ఎత్తడానికి జనం జంకారు. అయితే పుణ్యం కోసం పక్షులను కొని వదిలే ఆచారం లాంటివి అదే ధర్మం పేరుతో నష్టం చేస్తున్నాయి.

పర్యావరణం మీద చర్చ ఎప్పుడు జరిగినా “బౌద్ధం ప్రకృతికి దగ్గరి మతం” అనే మాట వినిపిస్తుంది. జనాభాలో అత్యధికులు బౌద్ధులైన థాయ్‌లాండ్‌లో మాత్రం 1961లో దేశ విస్తీర్ణంలో సగానికి పైగా ఉన్న అడవి, 1980ల చివరికి మూడో వంతు కూడా లేకుండా పోయింది. మయన్మార్, కంబోడియా అడవుల పరిస్థితీ ఏమంత మెరుగ్గా లేదు. మతం ఒకటి చెబుతుంటే దేశం ఇంకో దారిన ఎలా పోతోందన్న సందేహం సహజంగానే వస్తుంది.

తూర్పు దేశాల మతాలన్నీ ప్రకృతి ప్రేమికులన్న అభిప్రాయం బాగా ప్రచారంలోకి వచ్చింది గత శతాబ్దం రెండో సగంలోనే. పర్యావరణ సంక్షోభానికి వేర్లు పాశ్చాత్య క్రైస్తవ ఆలోచనలో ఉన్నాయని అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో ఒక వ్యాసంలో వాదించాడు. ఆ తర్వాత చాలామంది పరిష్కారం కోసం జెన్ వైపు, బౌద్ధం వైపు చూశారు. లాంబర్ట్ ష్మిట్‌హౌజెన్ లాంటి పండితులు పాళీ గ్రంథాలను దగ్గరగా చదివి, విషయం అంత సూటిగా లేదని చూపించారు. అడవి ఏకాంతాన్ని మెచ్చుకున్న గ్రంథాల్లోనే కిటకిటలాడే నగరాల వైభవాన్ని పొగిడిన వర్ణనలూ ఉన్నాయి.

గ్రంథాల్లో అసలు ఏముంది

పర్యావరణ చర్చల్లో ఎక్కువగా వినిపించేది ప్రతీత్య సముత్పాదం. ప్రపంచంలో ప్రతిదీ ఇంకోదాని మీద ఆధారపడి ఉంది కాబట్టి అడవికి దెబ్బ తగిలితే మనిషికీ తగులుతుందని దానికి అర్థం చెబుతారు. ఆ అన్వయంలో తప్పేమీ లేదు. కానీ మూలంలో ఆ సూత్రం వివరించింది దుఃఖం పుట్టే క్రమాన్ని. అవిద్యతో మొదలై తృష్ణ (ఇంకా కావాలన్న ఆశ), ఉపాదానం (పట్టుకుని వదలకపోవడం) మీదుగా జరామరణాల దాకా సాగే గొలుసు అది. పర్యావరణానికి నేరుగా పనికొచ్చే కొక్కెం ఆ గొలుసు మధ్యలో ఉంది, తృష్ణ దగ్గర.

బుద్ధుడి ప్రసంగాల సంకలనమైన దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తం ఈ సంగతిని కథగా చెబుతుంది. లోకం మొదట్లో వరి దానంతట అదే పండేదట. గింజకు పొట్టు ఉండేది కాదు. సాయంత్రం కోసుకున్నచోట పొద్దున్నకు మళ్లీ పండి ఉండేది. ఒకడికి బద్ధకం వేసి రెండు పూటల తిండీ ఒకేసారి తెచ్చుకున్నాడు. అది చూసి ఇంకొకడు రెండు రోజులకు, మరొకడు నాలుగు రోజులకు, ఎనిమిది రోజులకు పోగేశారు. నిల్వలు పెరిగేకొద్దీ గింజకు పొట్టు వచ్చింది, కోసినచోట పైరు తిరిగి మొలవడం మానేసింది. తర్వాత పొలాలకు హద్దులు, వాటితో దొంగతనం, దొంగతనంతో దండన, దండించడానికి రాజు వచ్చారు. వనరు తరిగిపోవడానికి ఈ కథ చూపే కారణం ఆకలి కాదు, రేపటి కోసం దాచుకోవాలన్న ఆత్రం.

ఇలాంటి ప్రసంగాలైన సుత్తాలకంటే, భిక్షువుల నియమావళి అయిన వినయ పిటకం మరీ నిర్దిష్టంగా మాట్లాడుతుంది. భిక్షువు నేల తవ్వకూడదు, తవ్వించకూడదు. ప్రాణులున్న నీళ్లని తెలిసీ తాగకూడదు, గడ్డి మీదో మట్టి మీదో పొయ్యకూడదు. పచ్చని మొక్కల మీద, నీళ్లలో ఉమ్మివేయకూడదు, మలమూత్రాలు విడవకూడదు. వానాకాలంలో మూడు నెలలు ఒకేచోట ఉండే వర్షావాసం కూడా ఇలాంటి ఫిర్యాదుతోనే మొదలైంది. భిక్షువులు వానల్లో తిరుగుతూ పచ్చని గడ్డిని, చిన్నచిన్న ప్రాణులను తొక్కేస్తున్నారని జనం గొణిగారు.

చెట్లు నరకకూడదన్న నియమం వెనుక కథ ఇంకా ఆసక్తికరం. ఆళవిలో ఒక భిక్షువు తన కుటీరం కోసం చెట్టు కొడుతుంటే, అందులో ఉండే దేవత వద్దని వేడుకుంది. అతను వినలేదు. గొడ్డలి దేవత బిడ్డ చేతికి తగిలింది. భిక్షువును చంపేద్దామనుకున్న దేవత తమాయించుకుని బుద్ధుడి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. బుద్ధుడు ఆ నిగ్రహాన్ని మెచ్చి, ఉండటానికి ఇంకో చెట్టు చూపించాడు. ఇటు ఊరి జనం కూడా ప్రాణమున్న చెట్టును కొడతారేమిటని భిక్షువులను తప్పుపట్టారు. అప్పుడు నియమం వచ్చింది. పాళీ గ్రంథాలను అనుసరించే థేరవాద సంప్రదాయం చెట్టును మనిషిలాగో జంతువులాగో చేతన ఉన్న ప్రాణిగా లెక్కించదు. అయినా నరకడం తప్పయింది. అందులో నివసించే వాళ్లున్నారు, దాన్ని ప్రాణంగా చూసే జనమున్నారు, కొట్టేవాడి మనసులో దురుసుతనం ఉంది. తప్పుకు ఆ కారణాలు చాలు.

వాడకం గురించి వినయంలో ఉన్న ఒక సంభాషణను ఈ చర్చలో తరచూ వదిలేస్తారు. ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి 500 వస్త్రాలు దానం చేశారు. రాజుకు అనుమానం వచ్చింది. ఇన్ని బట్టలు ఏం చేస్తారని అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. పాత గలీబులు? నేల మీద పరుపులు. అవి పాతబడితే? కాళ్లు తుడుచుకునే పట్టాలు. అవీ పాతబడితే? దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి? ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో 500 వస్త్రాలు ఇచ్చాడు. ఎందుకూ పనికిరాదని పారేసే దశ ఏ వస్తువుకూ లేని ఈ లెక్క, చెత్త నిర్వహణ మీద నేటి చర్చకు సిద్ధాంతాలన్నిటికంటే దగ్గరగా ఉంది.

ఎర్రగుడి బండ మీద రాజు వంటిల్లు

భిక్షువుల నియమాలు భిక్షువులకే. గృహస్థులకు, రాజ్యానికి వాటిని వర్తింపజేయాలంటే ఇంకో అడుగు కావాలి. ఆ అడుగు క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో పడిన ఆనవాళ్లు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ఎర్రగుడి దగ్గరి బండల మీద అశోకుడి 14 ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి.

మొదటి శాసనం రాజు వంటశాల లెక్క చెబుతుంది. ఒకప్పుడు కూరల కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. శాసనం రాయించే నాటికి ఆ సంఖ్య మూడుకు దిగింది: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ముందుముందు ఈ మూడింటినీ చంపరని శాసనం హామీ ఇస్తుంది. రెండో శాసనం మనుషులకు, పశువులకు వైద్యం, ఔషధ మొక్కలు లేనిచోట తెప్పించి నాటించడం, దారుల వెంట బావులు, చెట్ల గురించి. ఉత్తరాది స్తంభశాసనాల్లో ఒకటి చంపకూడని జంతువుల పట్టిక ఇచ్చి, కారణం లేకుండా అడవులను తగలబెట్టకూడదని ఆదేశించింది. వీటిలో ప్రకృతి వర్ణన ఒక్క ముక్క లేదు. ఎంత తింటున్నాం, ఎంతకు తగ్గించాం అని పాలకుడు తన వంటింటి లెక్కను జనం చూసే బండ మీద పెట్టడం ఆ కాలానికే కాదు, ఈ కాలానికీ అరుదైన పని.

అమరావతిలో మాట, టిబెట్‌లో మంట

బౌద్ధ బోధ నేరుగా ఒక పర్యావరణ నేరాన్ని తాకిన సందర్భాల్లో మన కాలంలో అన్నిటికంటే స్పష్టమైనది 2006 జనవరి నాటిది. దానికి వేదిక గుంటూరు జిల్లాలోని అమరావతి (ఇప్పుడు పల్నాడు జిల్లా). బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో (అమరావతి ప్రాంతపు పాత పేరు) బోధించాడని టిబెటన్ల నమ్మకం. అందుకే దలైలామా ఆ ఏడాది కాలచక్ర దీక్షను అక్కడ ఇచ్చారు. టిబెట్ నుంచి కష్టపడి వచ్చిన వేలమంది అందులో ఉన్నారు.

అప్పటికి సమస్య ముదిరిపోయి ఉంది. టిబెట్‌లో డబ్బు చేరిన కుటుంబాలు పండగ దుస్తులైన చుబాలకు పులి, చిరుత, నీటికుక్క తోళ్లతో వెడల్పాటి అంచులు కుట్టించుకోవడం ఫ్యాషన్ అయింది. గుర్రపు పందేల పండగల్లో అది కుటుంబ హోదాకు గుర్తు. 2003 అక్టోబరులో టిబెట్‌లో పట్టుబడిన ఒకే ఒక్క లోడులో 31 పులితోళ్లు, 581 చిరుతతోళ్లు, 778 నీటికుక్క తోళ్లు దొరికాయి. తోళ్లు ప్రధానంగా భారత్ నుంచి నేపాల్ మీదుగా వెళ్తున్నాయి. 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో ఒక్క పులి కూడా మిగల్లేదని తేలింది. చట్టాలు భారత్‌లోనూ, చైనాలోనూ ఉన్నాయి. కొనేవాడు ఉన్నంతకాలం వేటగాడు ఆగలేదు.

టిబెటన్లు తోళ్లు ధరించిన ఫొటోలు చూసి సిగ్గుపడ్డానని, ఊళ్లకు వెళ్లాక అడవి జంతువుల తోళ్లు కొనవద్దు, అమ్మవద్దు, వాడవద్దని దలైలామా అమరావతిలో చెప్పారు. కొద్ది వారాల్లోనే టిబెట్ తూర్పు ప్రాంతాల్లో జనం తమ చుబాల అంచులు కోసి వీధుల్లో కుప్పలుపోసి తగలబెట్టారు. అవి చౌక బట్టలు కావు. కొన్ని కుటుంబాలకు ఇంట్లో ఉన్న అతి విలువైన వస్తువు అదే. చైనా అధికారులు ఈ మంటలను రాజకీయ ధిక్కారంగా చూసి అడ్డుకున్నారు. తోలు అంచుల దుస్తులు వేసుకోవాలని టీవీ వ్యాఖ్యాతల మీద ఒత్తిడి వచ్చినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇంత వేగంగా మార్పు ఎలా వచ్చిందన్నది గమనించాల్సిన విషయం. కొనేవాళ్లు, చెప్పిన వ్యక్తి ఒకే విశ్వాసానికి చెందినవాళ్లు. వస్తువు దాచుకుని వాడేది కాదు, నలుగురిలో వేసుకునేది. అందుకే నిన్నటిదాకా హోదా అయినది ఒక్క మాటతో తలవంపులైంది. తగలబెట్టడం వల్ల అది మళ్లీ మార్కెట్‌లోకి వెళ్లే అవకాశమూ పోయింది. దేశం విడిచి వెళ్లిన గురువు పట్ల విధేయత చాటుకునే రాజకీయ సందర్భం కూడా ఆ మంటలకు బలం ఇచ్చింది. దాన్ని పక్కనపెట్టి కేవలం అహింసా బోధ ఫలితం అనుకుంటే చిత్రం సగమే కనిపిస్తుంది.

హద్దు కూడా ఇక్కడే బయటపడింది. ఆ తర్వాతి పండగల్లో పులితోలు దుస్తులు బాగా తగ్గినా, తోళ్ల వ్యాపారం మూతపడలేదు. ఇళ్లలో అలంకరణకు, ఖరీదైన కానుకలకు కొనే చైనా సంపన్నుల వైపు అది మళ్లింది. వాళ్ల మీద అమరావతి మాటకు పట్టు లేదు.

థాయ్‌లాండ్: చెట్టుకు చీవరం

థాయ్‌లాండ్ అనుభవం ఇంకాస్త చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అడవిని కొట్టింది ఒక్కరు కాదు. కలప కంపెనీలు, యూకలిప్టస్ తోటలు, ఎగుమతి పంటలు, రోడ్లు, వాటి వెంట వచ్చిన పేద రైతులు అందరికీ అందులో భాగం ఉంది. 1988 నవంబరులో దక్షిణాదిలోని నఖోన్ సి థమ్మరాత్ ప్రాంతంలో వరదతో పాటు కొండల మీది దుంగలు, బురద ఊళ్ల మీద పడి వందల మంది చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం సహజ అడవుల్లో వాణిజ్య కలప నరికివేతను నిషేధించింది. చట్టం వచ్చినా గొడ్డలి పూర్తిగా ఆగలేదు.

ఉత్తరాదిలోని ఫయావ్ రాష్ట్రంలో ఫ్రాఖ్రు మానస్ అనే భిక్షువు 1988 ప్రాంతంలో చెట్టుకు ప్రవ్రజ్య (భిక్షు దీక్ష) ఇచ్చే కర్మను మొదలుపెట్టారని చెబుతారు. నాన్ రాష్ట్రంలో ఫ్రాఖ్రు పితక్ 1991లో చేసిన కార్యక్రమం దీనికి ఒక రూపం ఇచ్చింది. ఊళ్ల వాళ్లు తమ ఉమ్మడి అడవి హద్దులు గుర్తించి, అందులో అతిపెద్ద చెట్టును ఎంచుకున్నారు. భిక్షువులు సుత్తాలు చదివి మానుకు కాషాయ వస్త్రం చుట్టారు. చెట్టు మొదట్లో బుద్ధ విగ్రహం పెట్టారు. గ్రామ పెద్దలు ఒక్కొక్కరే మంత్రజలం తాగి, అడవిని కాపాడతామని మాట ఇచ్చారు. వినయం ప్రకారం చెట్టు భిక్షువు కాలేదు, ఆ సంగతి చేసినవాళ్లకూ తెలుసు. కర్మలోని అసలు బరువు ఆ నీళ్లు తాగడంలో ఉంది. బుద్ధుడి ముందు, ఊరి ముందు ఇచ్చిన మాట తప్పడం, అటవీ శాఖ జరిమానా కట్టడంకంటే చాలా పెద్ద విషయం.

అదే భిక్షువు నాన్ నదిలో చేపలు పట్టకూడని భాగాలనూ ఏర్పాటు చేయించారు. అక్కడ పెరిగిన చేపలు బయటి నీళ్లలోకి వస్తాయి కాబట్టి ఊరికి లాభం కళ్లముందే కనిపిస్తుంది. ఇలాంటి చోట్ల నియమం ఎక్కువ కాలం నిలుస్తుంది. 1996లో రాజు సింహాసనమెక్కి 50 ఏళ్లయిన సందర్భంగా 5 కోట్ల చెట్లకు ఈ కర్మ చేయాలని సంకల్పించే దాకా ఉద్యమం పెరిగింది. సరిహద్దు దాటి కంబోడియాలో ఒద్దార్ మీంచే రాష్ట్రంలో భిక్షువు బున్ సలూత్ నాయకత్వంలో సుమారు 18 వేల హెక్టార్ల అడవికి భిక్షువులు, గ్రామస్థులు కాపలా కాశారు. దానికి 2010లో ఈక్వేటర్ బహుమతి దక్కింది.

అధికారం ఎదురు నిలిచినచోట కాషాయం కవచం కాలేకపోయింది. ఈశాన్యంలోని బురీరామ్‌లో సైన్యం రైతులను ఖాళీ చేయించే పథకానికి, యూకలిప్టస్ తోటలకు అడ్డుపడిన భిక్షువు ఫ్రా ప్రాచక్‌ను 1991లో అరెస్టు చేశారు. తర్వాత ఆయన సంఘాన్ని విడిచారు. చియాంగ్ మాయ్ రాష్ట్రంలోని ఫాంగ్ దగ్గర ధ్యానకేంద్రం భూమిని ఆక్రమణదారుల నుంచి కాపాడుతున్న ఫ్రా సుపోజ్ 2005 జూన్‌లో హత్యకు గురయ్యారు. భిక్షు సంఘం పెద్దలు ఇలాంటి వాళ్ల వెనుక గట్టిగా నిలబడలేదన్న విమర్శ ఇప్పటికీ ఉంది, అది న్యాయమైన విమర్శే.

ఇంకో ఇబ్బందికరమైన కోణం అదే చియాంగ్ మాయ్ రాష్ట్రంలోని చొమ్ థోంగ్‌లో కనిపించింది. కొండమీది నీటివనరులను కాపాడాలని భిక్షువు అజాన్ పొంగ్‌సక్ నడిపిన ఉద్యమం పల్లపు రైతులకు మేలు చేసింది. కానీ కొండ మీద వ్యవసాయం చేసే హ్మాంగ్ గిరిజన కుటుంబాలను అక్కడి నుంచి పంపేయాలన్న డిమాండ్‌గా అది మారింది. అడవి రక్షణ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందన్న ప్రశ్న వేయకపోతే, కరుణ పేరుతోనే బలహీనులు రోడ్డున పడతారు. ఊళ్లకు ఉమ్మడి అడవి మీద హక్కు ఇచ్చే చట్టం థాయ్‌లాండ్‌లో వచ్చింది 2019లో. ఉద్యమం మొదలైన మూడు దశాబ్దాలకు.

వదలడానికే పట్టే పక్షులు

బ్యాంకాక్‌లో, నోంపెన్‌లో ఆలయాల ముందు చిన్న చిన్న పంజరాల్లో పిచ్చుకలు, మునియాలు అమ్ముతుంటారు. భక్తులు డబ్బు ఇచ్చి వాటిని వదిలేస్తారు. చావబోయే ప్రాణిని విడిపించడం గొప్ప దానమన్న నమ్మకం దీనికి ఆధారం. తైవాన్, హాంకాంగ్, చైనాలలో చేపలు, తాబేళ్లు, కప్పలతో ఇదే పద్ధతి నడుస్తోంది.

కసాయివాడి దగ్గరున్న ఒక ప్రాణిని అనుకోకుండా చూసి విడిపిస్తే అది రక్షణే. రోజూ కొనేవాళ్లు వస్తారని తెలిస్తే, పట్టేవాడు వదలడం కోసమే పడతాడు. వలలో, పంజరంలో, దారిలో చాలా పక్షులు చస్తాయి. వదిలినవాటిలో కొన్నిటిని మళ్లీ పట్టి అమ్ముతారు. పరాయి దేశపు తాబేళ్లు స్థానిక చెరువుల్లో చేరి అక్కడి జాతులకు పోటీ అవుతాయి. 2015లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ తీరంలో ఇద్దరు భక్తులు వందలకొద్దీ పరదేశపు లాబ్‌స్టర్లను, పీతలను సముద్రంలో వదిలారు. 2017లో కోర్టు వాళ్లకు జరిమానాతో పాటు నష్టపరిహారమూ వేసింది. కొన్ని బౌద్ధ సంస్థలు ఇప్పుడు ఈ డబ్బును గాయపడిన అడవి జంతువుల చికిత్సకు, చెట్లు నాటడానికి మళ్లించమని భక్తులకు చెబుతున్నాయి.

టిబెట్ తోళ్ల విషయంలో బోధ గిరాకీని తగ్గించింది, ఇక్కడ ఆచారం గిరాకీని పుట్టించింది. పుణ్యం ఇచ్చేవాడి ఖాతాలో పడుతోంది కానీ పక్షికి చివరికి ఏమైందన్నది ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

వాతావరణ మార్పు దగ్గర చిక్కుముడి

భూటాన్ 2008 నాటి రాజ్యాంగంలో దేశంలో 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగా ఉండాలని రాసుకుంది. అది బౌద్ధ విలువల ప్రభావమే. కానీ తక్కువ జనాభా, కొండ ప్రాంతం, జలవిద్యుత్ ఎగుమతి ఆదాయం కూడా ఆ నిబంధన నిలబడటానికి తోడ్పడుతున్నాయి. దాన్ని నమూనాగా ఎత్తి ఇంకో దేశంలో పెట్టడం అంత తేలిక కాదు.

కర్బన ఉద్గారాల విషయంలో బౌద్ధ నీతికి ఎదురయ్యే కష్టం లోతైనది. “సంకల్పాన్నే కర్మ అంటాను” అన్నాడు బుద్ధుడు అంగుత్తర నికాయమనే ప్రసంగాల సంకలనంలో. పులితోలు కొనేవాడికి పులి చచ్చిందని తెలుసు. గ్రిడ్ కరెంటుతో ఏసీ వేసుకునేవాడికి ఎవరినీ చంపాలన్న సంకల్పం లేదు, అతని వాటా అతి స్వల్పం, నష్టపోయేవాడు ఎక్కడో తీరంలో, బహుశా ఇంకో తరంలో ఉంటాడు. సంకల్పం, ఫలం మధ్య దూరం ఇంతగా పెరిగినప్పుడు పంచశీలలోని మొదటి శీలం (ప్రాణి హింస చేయకపోవడం) ఎవరికి, ఎంతవరకు వర్తిస్తుందన్నది బౌద్ధ చింతకుల మధ్య ఇంకా తేలని చర్చ. 2015లో పారిస్ వాతావరణ సదస్సుకు ముందు దలైలామా, వియత్నాం భిక్షువు థిక్ నాట్ హాన్ సహా అనేక సంప్రదాయాల పెద్దలు శిలాజ ఇంధనాల నుంచి బయటపడాలని ప్రపంచ నాయకులకు ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. అది విజ్ఞప్తి. వినయంలాంటి నియమం కాదు.

అష్టాంగ మార్గంలోని సమ్యక్ ఆజీవం (సరైన జీవనోపాధి) దగ్గర ఒక తలుపు మాత్రం తెరిచి ఉంది. గృహస్థులు చేయకూడని ఐదు వ్యాపారాలను అంగుత్తర నికాయం పేర్లతో సహా చెప్పింది: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. ఇక్కడ చూసేది ఒక్క చర్య వెనుక సంకల్పాన్ని కాదు, రోజూ డబ్బు వచ్చే దారిని. నదిలోకి వ్యర్థాలు వదిలే ఫ్యాక్టరీని విషం వ్యాపారంగా లెక్కించడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. బొగ్గు గనిలో పెట్టుబడి దాని కిందికి వస్తుందా, ఆ పెట్టుబడి లాభంలోంచి వచ్చిన విరాళంతో విహారం కట్టవచ్చా అన్నవి సంఘం తేల్చుకోవాల్సిన ప్రశ్నలు. థాయ్‌లాండ్‌లోనైనా, శ్రీలంకలోనైనా పెద్ద ఆలయాలు నడిచేది దాతల డబ్బుతోనే. చెట్టుకు చీవరం చుట్టడం కంటే వాటికి ఆ ప్రశ్నలు కష్టం.